దిద్దిన మూడు రోజులు

"ఆ నీలం గౌను తీసెయ్యమ్మా. అది వేసుకుంటే మళ్ళీ బహుమతి తీసుకోవడానికి వచ్చినదానిలా ఉంటాను," అంది పిట్ట, కిటికీ గట్టు మీద నుంచి దిగకుండానే.

వదిన సంచిలో అడుగున పెట్టిన నీలం గౌను మళ్ళీ బయటికి లాగింది. పొద్దుటి నుంచీ ఇదే తంతు. సంచిలోకి వెళ్ళిన ప్రతి వస్తువూ ఒకసారి బయటికి వచ్చి, మంచం మీద కాసేపు కూర్చుని, మళ్ళీ లోపలికి వెళ్తోంది.

ఆ వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ వదినే. ఇంట్లో ఆడపడుచు అలా పిలవగా పిలవగా పాలవాడికీ, పక్కింటి వాళ్ళకీ అదే పేరైపోయింది. అమ్మా అనేది కన్నకూతురు ఒక్కతే.

"బహుమతికి కాకపోతే మరి దేనికే వెళ్తున్నట్టు?"

"చెప్పడానికి."

"ఏం చెప్పడానికి?"

పిట్ట తల తిప్పి ముందుగది వైపు చూసింది.

ముందుగదిలో పిట్ట తండ్రి, బడి హెడ్మాస్టరు, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఎర్ర పెన్ను కాగితం మీద గరగరమని నడుస్తోంది. నిన్న సాయంత్రం నుంచీ ఆయన నోరు విప్పలేదు. ఆయన తరఫున మాట్లాడుతున్నది ఆ పెన్ను ఒక్కటే.

మంచం మీద సంచి పక్కన రెండు చార్టులున్నాయి. ఒకటి తెల్లగా, నిటారుగా, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. అది హెడ్మాస్టరు రాసింది. బడిలో జరిగిన పోటీలో మొదటి బహుమతి దానికే వచ్చింది. రెండోది పిట్ట సొంతంగా రాసుకున్నది. పెన్సిలు గీతలు, చెరిపిన మరకలు, ఒక మూల కాఫీ చుక్క. పెద్ద ఊళ్ళో జరిగే ప్రదర్శనకి తీసుకెళ్ళే అట్టగొట్టంలో ఒక చార్టే పడుతుంది.

ఏది పెట్టాలో వదినకి ఎవరూ చెప్పలేదు. గొట్టం చేతిలో పట్టుకుని నిలబడింది. అది చిన్న పిల్లలు బూరలా ఊదుకునే గొట్టమే. ఇవాళ మాత్రం బరువుగా ఉంది.

"వదినా, నా దువ్వెన పెట్టావా?" అంటూ తడి జుట్టు విదిలించుకుంటూ ఆడపడుచు వచ్చింది. అన్నగారి బడిలోనే సైన్సు చెబుతుంది; పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు 'ఎందుకు టీచరు'. ఏ జవాబు చెప్పినా 'ఎందుకు?' అంటుందని. ఆ పేరు తెలిసీ కోపం రాకపోగా, ఒకసారి హాజరు పట్టీలో సంతకం కూడా అలాగే చేయబోయి నాలిక కరుచుకుంది.

"పెట్టాను. తీశాను. మళ్ళీ పెడతాను."

"ఎందుకు తీశావు?"

"ఏమో. నువ్వు ఎన్నాళ్ళకి వస్తావో చెప్పకుండా ఏం సర్దమంటావు?"

"శుక్రవారం, శనివారం ప్రదర్శన. ఆదివారం సాయంత్రం బస్సుకి వచ్చేస్తాం. నాకు సోమవారం ఎనిమిదో తరగతికి అయస్కాంతాలున్నాయి," అంది ఆడపడుచు. ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం జుట్టు మీద అవసరానికి మించి తిరుగుతున్నాయి.

వదిన ఆ చేతుల వంక చూసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటికి ఈ పిల్ల రెండు జడలు ఊపుకుంటూ బడికి వెళ్ళేది. ఆ జడలు అల్లింది తనే. ఎవరైనా ఊరికి వెళ్తున్నారంటే చాలు, వదినకి చేతిలో పని సాగదు. వెళ్ళేవాళ్ళు సంతోషంగా వెళ్ళినా అంతే. ఇక ఇలా మొహాలు ముడుచుకుని వెళ్ళేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆడపడుచు రెండు చార్టులూ చేతిలోకి తీసుకుని ముందుగదిలోకి నడిచింది. పిట్ట కిటికీ దిగి వెనకాలే వెళ్ళింది. గొట్టం చేతిలోనే ఉండిపోవడంతో వదిన కూడా వెళ్ళాల్సి వచ్చింది.

"అన్నయ్యా, బస్సు మధ్యాహ్నమే."

"తెలుసు."

"ఏ చార్టు పెట్టమంటావు?"

"అడగాల్సిన మాటేనా? బహుమతి వచ్చింది దేనికి?"

"నీ దస్తూరీకి."

పిట్ట కిసుక్కున నవ్వి, రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. హెడ్మాస్టరు పెన్ను మూత పెట్టాడు. ఆయన పెన్ను మూత పెట్టాడంటే ఇక మాటలు మొదలవుతాయని ఇంట్లో అందరికీ తెలుసు.

"చూడు. పిట్ట రెండు గడులు తారుమారు చేసింది. ఎండ గడిలో రాయాల్సింది నీడ గడిలోనూ, నీడ గడిలోది ఎండ గడిలోనూ రాసింది. మిగతా రోజులన్నీ ఒక తీరుగా ఉండి, మూడు రోజులే అడ్డదిడ్డంగా ఉంటే చిన్న పిల్లాడికైనా అర్థమవుతుంది. ఏ పేపర్లో కనిపించినా దిద్దుతాను. ఇక్కడా దిద్దాను. దిద్దడం నా పని. దిద్దేవాడు లేకపోతే ఇక బడి ఎందుకు, గంట ఎందుకు?"

"జవాబు తప్పైతే దిద్దుతాం అన్నయ్యా. చూసినదాన్ని ఎలా దిద్దుతాం?"

"చూసిందే తప్పైతే?"

"మళ్ళీ చూడమంటాం. మళ్ళీ తడిపి, మళ్ళీ ఆరేసి, మళ్ళీ తూచమంటాం. ఎర్ర పెన్నుతో గుడ్డలు ఆరవు."

పిట్ట చేసిన ప్రాజెక్టు చాలా చిన్నది. తడిగుడ్డ ఎండలో ముందు ఆరుతుందా, గాలిలో ముందు ఆరుతుందా అని. ఒక పాత దుప్పటిని సమానమైన ముక్కలుగా కత్తిరించి, తడిపి, ఒకటి పెరట్లో గోడల మధ్య ఎండలో వేసేది. ఇంకోటి ఇంటి పక్క సందులో, ఎండ పడని చోట, గాలికి వేసేది. మధ్యమధ్యలో రెండూ తీసుకొచ్చి వంటింటి తక్కెడలో తూచేది. ఆ నెలంతా వదినకి తక్కెడ అందితే ఒట్టు. వంటింట్లో కొలతలన్నీ చేతి అందాజు మీదే నడిచాయి. కూరలో ఉప్పు ఎక్కువైందని హెడ్మాస్టరు అన్నప్పుడు, "తక్కెడ సైన్సుకి వెళ్ళింది" అని జవాబు చెప్పింది.

ఆ నెలలో మూడు రోజులు మాత్రం సందులో వేసిన గుడ్డే ముందు ఆరిందని పిట్ట రాసుకుంది. బడిలో పోటీకి చార్టు శుభ్రంగా రాసిస్తానని తీసుకున్న తండ్రి, ఆ మూడు రోజుల అంకెలూ అటువి ఇటు, ఇటువి అటు మార్చి రాశాడు. కూతుర్ని ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. పేపరు దిద్దేటప్పుడు ఎవరైనా పిల్లల్ని పిలిచి అడుగుతారా?

అంతటితో పోయేదే. కానీ 'ఎందుకు టీచరు' తరగతిలో ఒక పద్ధతి ఉంది. ప్రాజెక్టు అయిపోయాక ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక అరఠావు కాగితం మీద తమ పని గురించి తామే రాసుకోవాలి. ఇందులో నాది ఏది, నాది కానిది ఏది, నాకింకా తెలియనిది ఏది అని. పదికి ఎన్ని మార్కులో తామే వేసుకుని, ఎందుకో చెప్పాలి. ఒకడు పదికి పదకొండు వేసుకున్నాడు. "అదేమిట్రా" అంటే, "పది వేశాను టీచర్, ఒకటి చేతిలో ఉంచుకున్నాను" అన్నాడు. హెడ్మాస్టరుకి ఆ సంగతి తెలిసినప్పుడు నవ్వలేదు. "పిల్లలే మార్కులు వేసుకుంటే ఇక మనం గంట కొట్టుకుంటూ కూర్చోవాలి" అన్నాడు.

నిన్న సాయంత్రం సంతకానికని ఇచ్చిన పిట్ట అరఠావు ఇప్పుడు ఆయన బల్ల మీద ఉంది. ఆయన దాన్ని తీసి, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చదివే గొంతుతో పైకి చదివాడు.

"'చార్టులో మూడు రోజుల అంకెలు నావి కావు. అవి దిద్దినవి. ఆ మూడు రోజులూ గాలికి వేసిన గుడ్డ ముందు ఆరిందని నేను రాసుకున్నాను. అందులో ఒక రోజు నేనే తారుమారుగా రాశానేమో, గట్టిగా చెప్పలేను. మళ్ళీ చూడాలి. పదికి నాలుగు వేసుకుంటున్నాను. బహుమతి ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా నిలబడ్డాను కనక రెండు అక్కడే పోయాయి.' విన్నారా? ఒక రోజు తారుమారు చేశానేమో అని అదే ఒప్పుకుంది!"

"ఒక రోజేమో అన్నాను," అంది పిట్ట. "మూడు రోజులూ మారాయి."

"ఒకటి తప్పైతే మిగతా రెండూ..."

"మిగతా రెండూ ఏమిటో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు."

"నీకే తెలియనప్పుడు నేను దిద్దితే ఏం పోయింది?"

ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకుంది వదిన. ఏడవలేదు.

"తప్పైతే అది నా తప్పు. నా తప్పు నాకు కావాలి."

హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఎవడికీ అరమార్కు ఎక్కువ వెయ్యలేదు నేను. సొంత తమ్ముడి కొడుకునే పరీక్షలో తప్పించినవాణ్ణి. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. అలాంటి నన్ను నా కూతురే దొంగని చేసి, కాగితం మీద రాసి, ఊరు కాని ఊళ్ళో గోడకి అంటిస్తుందా?"

"దొంగ అని రాయలేదు సార్."

హెడ్మాస్టరు చేతిలోని అరఠావు బల్ల మీద పెట్టాడు.

పిట్ట ఆ బడిలో చేరిన రోజున తండ్రి పెట్టిన నియమం అది. గేటు లోపల సార్, గేటు బయట నాన్న. అప్పటి నుంచీ పిట్ట తప్పింది ఒక్కసారే. బడిలో అందరి ముందూ నాన్నా అని పిలిచి, తరగతి అంతా ఘొల్లున నవ్వితే ఇంటికొచ్చి తలుపు వేసుకుంది. ఇంట్లో ఆయన్ని సార్ అని పిలవడం మాత్రం ఇదే మొదలు.

"ఏమన్నావు?"

"దొంగ అని రాయలేదన్నాను. దిద్దినవి అని రాశాను. మీరన్న మాటే."

"అది కాదు. నన్ను ఏమని పిలిచావు?"

పిట్ట కింది పెదవి పళ్ళ మధ్యకి లాక్కుంది. "ఇది బడి సంగతి కదా. అందుకని."

హెడ్మాస్టరు మళ్ళీ కూర్చున్నాడు. కూర్చున్న తీరు చూస్తే ఎవరో భుజాలు పట్టి నొక్కినట్టుంది. వదినకి ఆయన మీద జాలి వేసింది. ఈ మనిషి మోసం చెయ్యడు. కొట్టువాడు చిల్లర ఎక్కువిస్తే ఎండలో వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చొస్తాడు. ఆయనకి నిజంగానే ఆ మూడు రోజులూ వంకరగా కనిపించాయి. వంకరగా ఉన్నది కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. గోడ మీద పటం ఒరిగితే సరిచేసే చెయ్యే అది.

ఆయన గొంతు తగ్గించాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

"సరే. ఇలా రా. ఒక్క మాట. 'అవి దిద్దినవి.' ఆ రెండు ముక్కలూ కొట్టెయ్. మిగతాదంతా నీ ఇష్టం. నీ చార్టే తీసుకెళ్ళు. నాలుగు వేసుకుంటావో, సున్నా వేసుకుంటావో నేను అడగను. ఆ రెండు ముక్కలే." ఎర్ర పెన్ను మూత తీసి కూతురి వైపు చాపాడు.

వదినకి ప్రాణం లేచొచ్చింది. ఆయన ఇంత దిగిరావడం పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు. తీసుకో తల్లీ, తీసుకో అని మనసులోనే అంది.

పిట్ట రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"అది కొట్టేస్తే బహుమతి నాదే అవుతుంది. మూడు రోజులు నావి కానప్పుడు నాది ఎలా అవుతుంది?"

పెన్ను కాసేపు గాలిలోనే ఉండిపోయింది. తరవాత మూత పడింది.

"మంచిది," అన్నాడు హెడ్మాస్టరు, చెల్లెలి వంక తిరిగి. "ఈ కాగితం కింద తల్లిదండ్రుల సంతకం ఉండాలని, అది లేనిదే చెల్లదని నియమం పెట్టింది ఎవరు?"

"నేనే."

"సంతకం లేని ప్రాజెక్టు ప్రాజెక్టే కాదని, ఇద్దరు పిల్లల్ని వెనక్కి పంపించింది ఎవరు?"

"నేనే అన్నయ్యా."

"నేను పెట్టను. నీ నియమం ప్రకారమే ఇది చెల్లదు. తెల్ల చార్టుతో వెళ్ళండి. లేదంటే సంచి విప్పెయ్యండి."

"పేర్లు అక్కడికి ఎప్పుడో వెళ్ళిపోయాయి. వెళ్ళకపోతే కారణం రాయాలి. ఏమని రాస్తావు?"

ఏమని రాసినా అబద్ధం రాయాలి, లేకపోతే ఆ రెండు ముక్కలే రాయాలి. ఆ సంగతి ఆయనకీ తట్టినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకో సంగతి. సోమవారం నుంచి ఈ సొంత మార్కుల ఆట నా బడిలో ఉండదు. అది లేకుండా పాఠం చెప్పగలిగినవాళ్ళే ఉంటారు."

"నన్ను పొమ్మంటున్నావా?"

"పద్ధతిని పొమ్మంటున్నాను."

"నేనూ అదీ వేరు కాదు."

"నీ చేత అక్షరాలు దిద్దించింది ఎవరే?" అన్నాడాయన. "నాన్న పోయాక, పలక మీద నీ చెయ్యి పట్టుకుని దిద్దించింది ఎవరు?"

"నువ్వే. నువ్వు లేకపోతే నాకు చదువు లేదు, ఈ ఉద్యోగమూ లేదు. ఎవరి ముందైనా చెబుతాను." ఆడపడుచు చార్టులు బల్ల మీద పెట్టింది. "అప్పుడు నా చెయ్యి పట్టుకున్నావు అన్నయ్యా. నా కళ్ళు పట్టుకోలేదు."

*

వంటింట్లో వదిన దారిలో తినడానికి డబ్బా కడుతోంది. ఆడపడుచు నీళ్ళ గ్లాసు పట్టుకుని, తాగకుండా, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఒక్క మెట్టు దిగితే ఏం పోతుందే నీకు? ఆయన దిగారుగా."

"దిగాడు. పాపం, చాలా దిగాడు."

"మరి?"

"నేను దిగితే ఫరవాలేదు వదినా. నాకు అలవాటే, చెల్లెల్ని కదా. కానీ ఆ పిల్ల దిగితే ఇక ఎక్కదు. ఇవాళ రెండు ముక్కలు కొట్టేస్తుంది. రేపటి నుంచి చూసింది రాయదు, మనం ఏం చూడమంటామో అది రాస్తుంది. అలా రాసే పిల్లలు నాకు తరగతి నిండా ఉన్నారు. అందరికీ మంచి మార్కులే."

"సోమవారం ఏం చేస్తావు మరి?"

"అయస్కాంతాలు."

"వేళాకోళం కాదు. నిజంగా వదిలేస్తావా బడి?"

ఆడపడుచు గ్లాసులో నీళ్ళ వంక చూసింది. "ఎనిమిదో తరగతి పిల్లలకి సోమవారం నాడు, మీరు రాసుకున్నదానికి విలువ లేదర్రా, నేను వేసిందే మార్కు అని చెప్పాలి. నోరు తిరగదు వదినా. ప్రయత్నం చేసి చూశాను, ఇప్పుడే నీళ్ళు ముంచుకుంటూ. తిరగలేదు."

వదిన డబ్బా మూత బిగించింది. బాగానే బిగిసినా, విప్పి మళ్ళీ బిగించింది.

పిట్ట వచ్చి గుమ్మంలో నిలబడింది. అరఠావు ఆమె చేతిలో ఉంది.

"అమ్మా, నా ప్రోగ్రెస్ కార్డు మీద నువ్వు ఎప్పుడూ సంతకం ఎందుకు పెట్టలేదు?"

"మీ నాన్న ఉన్నారుగా."

"నాన్న ఉంటే నువ్వు లేనట్టా?"

"పిట్టా," అంది మేనత్త గట్టిగా. "అమ్మని ఇందులోకి లాగకు. తను ఈ ఇంట్లో ఉండాల్సిన మనిషి."

"నేను లాగడం లేదు. అడుగుతున్నాను. కింద ఏమని ఉందో చూడండి. తల్లి లేదా తండ్రి."

ముందుగదిలో ఎర్ర పెన్ను మళ్ళీ నడుస్తోంది.

వదినకి బహుమతి ఇచ్చిన నాటి సాయంత్రం గుర్తొచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళంతా పిట్టని మెచ్చుకుంటున్నారు. ఆయన పొంగిపోతూ అందరికీ చార్టు చూపిస్తున్నాడు. పిల్ల ఎక్కడని వెతికితే పెరట్లో ఉంది. పొద్దు వాలిపోయింది, ఎండ లేదు, గాలి లేదు. గుడ్డముక్కలు తడిపి తీగ మీద వేస్తోంది. ఇప్పుడేం ఆరతాయే పిచ్చిదానా అని తను నవ్వింది. పిట్ట తల ఎత్తి తన వంక చూసింది. ఆ చూపు ఏమిటో తనకి అప్పుడు అర్థం కాలేదు. ఏదో ఆటనుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వదిన చెయ్యి తుడుచుకుంది. రెండోసారి కూడా తుడుచుకుంది.

"ఇలా ఇవ్వు."

"వదినా, ఆలోచించుకో," అంది ఆడపడుచు.

"ఆలోచిస్తూ కూర్చుంటే బస్సు పోతుంది. పెన్ను ఏదే?"

పిట్ట చెవి వెనక నుంచి పెన్సిలు తీసి ఇచ్చింది. "పెన్సిలుతో కాదు," అంది వదిన. "చెరిపేస్తారు."

లోపల ఎక్కడా పెన్ను దొరకలేదు. ఆ ఇంట్లో పెన్నులన్నీ ముందుగది బల్ల మీదే ఉంటాయి. వదిన కాగితం పట్టుకుని ముందుగదిలోకే నడిచింది. ఆయన ఎదురుగా నిలబడి, కలందానులోంచి నీలం పెన్ను తీసుకుని, బల్ల అంచున కాగితం ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టుగా సంతకం పెట్టింది.

హెడ్మాస్టరు అదంతా చూస్తూ ఉండిపోయాడు. పెట్టాక అన్నాడు: "నీకేం తెలుసని పెట్టావు? ఏ గుడ్డ ముందు ఆరిందో నువ్వు చూశావా?"

"చూడలేదండీ."

"మరి?"

"ఏ గుడ్డ ముందు ఆరిందో నాకు తెలీదు. ఈ మాటలు రాసింది నా కూతురని తెలుసు. కింద సంతకం అడిగింది దానికే కదా."

"నాకు ఎదురు నిలబడుతున్నావా?"

"మీ ఎదురుగా నిలబడ్డాను. ఎదురు అనుకుంటే మీ ఇష్టం." వదిన నీలం పెన్ను మళ్ళీ కలందానులో పెట్టింది. "మీరు ఇన్నేళ్ళూ అందరి పిల్లల పేపర్లూ దిద్దారు. ఎవరి పేపరూ మీరు రాయలేదు. మన పిల్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జారింది. అంతే. చెయ్యి జారిందని ఒక్క మాట అనేస్తే, ఇప్పుడే ఆ పిల్ల మిమ్మల్ని మళ్ళీ నాన్నా అంటుంది."

పిట్ట గుమ్మంలోకి వచ్చి నిలబడింది. హెడ్మాస్టరు కూతురి వంక చూశాడు. ఆయన పెదవులు కదిలాయి. వదిన ఒక అడుగు ముందుకి వేసింది, ఆ మాట వినపడకుండా పోతుందేమోనని.

ఆయన బల్ల మీది పేపర్ల కట్ట సర్దుకుని, పైనున్న పేపరు ముందుకి లాక్కున్నాడు.

పిట్ట మరి ఆగలేదు. తన చార్టు తీసి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చుట్టింది. కాఫీ చుక్క లోపలికి పోకుండా, పైకే కనిపించేలా చుట్టింది. అరఠావు మడిచి అందులో పెట్టి, అట్టగొట్టంలోకి దూర్చింది. తెల్ల చార్టు బల్ల మీద, తండ్రి మోచేతి పక్కనే ఉండిపోయింది.

ఆడపడుచు చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది. ఒక భుజాన సంచి, రెండో చేతిలో గుడ్డలో చుట్టిన తక్కెడ. అక్కడ ఎవరైనా నమ్మకపోతే వాళ్ళ ఎదురుగానే తడిపి, ఆరేసి, తూచి చూపిస్తామని పిట్ట పట్టుబట్టింది.

"వెళ్ళొస్తాను అన్నయ్యా."

ఆయన తల ఎత్తలేదు. "వెళ్ళు."

ఎంత కోపంలో ఉన్నా ఆ ఇంట్లో గుమ్మం దాటేవాళ్ళని వెళ్ళు అనరు. వెళ్ళిరా అంటారు. ఆయన కూరలకి వెళ్ళే మనిషిని కూడా అలాగే పంపుతాడు. బడిలో పిల్లల చేత కూడా అలాగే అనిపిస్తాడు.

"ఏమండీ," అంది వదిన. "వెళ్ళిరా అనండి."

పెన్ను ఆగింది.

"ఒక్క అక్షరమండీ. రా అనండి. మిగతాదంతా తరవాత చూసుకుందాం."

"వద్దు వదినా," అంది ఆడపడుచు. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి, నవ్వుతోంది. "ఆయన అన్నది అలాగే ఉండనీ. నువ్వు దిద్దకు."

*

బస్సుల దగ్గర గొడవగా ఉంది. పెట్టెలు పైకి ఎక్కించేవాడు తక్కెడ మూట చూసి, "ఇదేమిటమ్మా, కూరగాయల కొట్టు పెడుతున్నారా?" అన్నాడు. "సైన్సు," అంది పిట్ట. వాడికేమీ అర్థం కాక, పైకి విసరకుండా చేతికే ఇచ్చాడు.

వదిన కిటికీ కింద నిలబడింది. చెప్పాలనుకున్న మాటలన్నీ దారిలోనే జారిపోయాయి. "కిటికీలోంచి చేతులు బయట పెట్టకండి," అంది.

"సరే."

"నీళ్ళు చూసుకుని తాగండి."

"సరే వదినా."

"పిట్టని చీకటి పడ్డాక బయట తిప్పకు."

"పిట్టే నన్ను తిప్పుతుంది." ఆడపడుచు కిటికీ చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపి వదిన చెయ్యి పట్టుకుంది. "నాకు పదికి ఎన్ని వేస్తావు చెప్పు?"

"నన్ను అడుగుతావేం? నువ్వే వేసుకో. నీ పద్ధతి అదేగా."

ఇద్దరూ నవ్వారు. పిట్ట అట్టగొట్టాన్ని రెండు చేతులతోనూ గుండెలకి హత్తుకుని, ముందుకే చూస్తూ కూర్చుంది. బస్సు కదిలాక కానీ వదిన ఆ చెయ్యి వదల్లేదు. నాలుగడుగులు పక్కనే నడిచింది. తరవాత బస్సు తన దారిన తను పోయింది.

ఇంటికి వచ్చేసరికి హెడ్మాస్టరు వరండాలో నిలబడి ఉన్నాడు. వీధి చివరి దాకా చూస్తున్నాడు. "ఎక్కారా?" అన్నాడు.

"ఎక్కారు."

"కిటికీ పక్క దొరికిందా దానికి?"

దానికి అన్నది కూతుర్నో, చెల్లెల్నో ఆయన చెప్పలేదు. వదిన అడగలేదు. "దొరికింది," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం సాయంత్రం బస్సులో పిట్ట తిరిగి వచ్చింది. మేనత్త రాలేదు; అన్నయ్య పొమ్మన్న పద్ధతితో పాటు తనూ అక్కడే ఉండిపోయింది. ఆ ఆదివారం రాలేదు, బడికి సెలవులిచ్చినప్పుడు రాలేదు, మళ్ళీ తెరిచినప్పుడూ రాలేదు. ఆ తరవాత ఆమె ఆ ఇంటికి ఎన్నడూ రాలేదు.